దండలేసినవాళ్ళ పేర్లు తర్వాత, ముందు పోయినాయన ఊరు పేరు రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తెనాలిలో ఉంటా, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యా. పొద్దున కాఫీతో మీ పేపరు, రాత్రి భోంచేశాక తెలుగు వికీపీడియా, ఇదీ నా దినచర్య. పేపర్లో నేను ముందు చదివేది మొదటి పేజీ కాదు, జిల్లా పేజీల్లో కింద మూలన వేసే మృతి వార్తలు. వయసు మీద పడింది కదా అందుకు అనుకుంటారేమో, అదీ కొంత ఉందిలెండి, మా బ్యాచ్‌లో ఒక్కొక్కళ్ళే సర్దుకుంటున్నారు. కానీ అసలు సంగతి వేరే. వికీపీడియాలో ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంటుంది, ఆ తేదీన జరిగిన సంఘటనలు, జననాలు, మరణాలు అని భాగాలుగా. ప్రతి సంవత్సరానికీ అలాంటిదే ఇంకో పేజీ. ఆ మరణాల్లో ఎవరి పేరు ఉండాలి ఎవరిది అక్కర్లేదు అని చూసే కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి. జీతం లేదు, ఎవరూ వేసిన పదవి కాదు, ఎవరైనా చెయ్యొచ్చు, మీరూ చెయ్యొచ్చు. చిత్రగుప్తుడి ఉద్యోగం దొరికింది మీకు అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. కాకపోతే చిత్రగుప్తుడు అందరి పేర్లూ రాసుకుంటాడు, మేము కొందరివే రాస్తాం, తంటా అంతా అక్కడే.

పోయిన నెల మా పాత స్టూడెంటు ఒకడు ఇంటికొచ్చాడు, ఇప్పుడు బెంగుళూర్లో సాఫ్ట్‌వేరు. కూర్చుని మంచినీళ్ళు కూడా తాగకుండానే "మాస్టారూ, తాతయ్య పేజీ కనపడట్లేదండీ, ఎవరో తీసేశారు" అన్నాడు.

"ఎవరో కాదురా, తీసెయ్యండని అడిగింది నేనే" అన్నా.

వాడి మొహం చూడలేకపోయా. ఎందుకంటే వాళ్ళ తాత నాకు బాగా ఎరిక. పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు, యాభై ఏళ్ళపాటు, వేమూరు, కొల్లిపర, దుగ్గిరాల, రేపల్లె, ఎక్కడ తిరనాళ్ళయినా స్టేజి పక్కన ఎడమ చేతి వైపు ఆయనే. కృష్ణుడు రాగం తీస్తూ తీస్తూ ఊపిరి అందక తడబడ్డప్పుడు జనానికి తెలీకుండా ఆ ఖాళీని తన స్వరంతో నింపేసేవాడు, వన్స్‌మోర్ మాత్రం కృష్ణుడికి పడేది. 2016 నవంబర్లో పోయాడు, పెద్ద నోట్లు రద్దు చేసిన వారంలోనే. పూలకొట్టతను ఐదొందల నోటు తీసుకోనంటే నా జేబులో వందలు అన్నీ ఇచ్చేశా, అది కూడా గుర్తుంది. పాడె మోసినవాళ్ళలో నేనున్నా. అయినా సరే వికీపీడియాలో నేను మూలం కాను. పాడె మోశానండీ, నేను చూశానండీ అంటే కుదరదు, ఎక్కడైనా అచ్చయి ఉండాలి, అదీ ఆయనతో సంబంధం లేనివాళ్ళు రాసి ఉండాలి. ఈ రూలు తప్పని నేననను, ఇది లేకపోతే ప్రతి రియల్ ఎస్టేట్ ఆయనా వాళ్ళ నాన్నకి పేజీ పెట్టేస్తాడు, పెడుతున్నారు కూడా, పీకుతూనే ఉన్నాం.

వాడు తెచ్చిన సంచీలో ఏమున్నాయో చెప్తా. నాలుగు షీల్డులు, ఒకదాని మీద పేరే తప్పు చెక్కారు. నాటకం కరపత్రాలు ఓ ఇరవై, గులాబీ రంగు కాయితం, హార్మోనియం అని రాసి పక్కన ఇంటిపేరు ఒక్కటే. పెద్దకర్మ రోజు వేసిన ఫ్లెక్సీ ఫొటో. పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన, కానీ అది వీళ్ళే డబ్బులు కట్టి వేయించింది, కాబట్టి లెక్కలోకి రాదు. ఇవన్నీ పోగా మిగిలింది ఒక్కటే, జిల్లా ఎడిషన్లో వచ్చిన చిన్న వార్త. కత్తిరించి దేవుడి పటం వెనకాల దాచారంట, పసుపు అంటి ఉంది. దాన్ని నేను మూడుసార్లు చదివా. హెడ్డింగు కాకుండా పన్నెండు లైన్లు. అందులో మొదటి రెండు లైన్లు ఆయన గురించి, ప్రముఖ హార్మోనిస్టు ఫలానా ఆయన, 76, అనారోగ్యంతో మృతి చెందారు అని. మిగతా పది లైన్లూ ఎవరెవరు పూలమాల వేసి నివాళులర్పించారు, ఎవరెవరు ప్రగాఢ సంతాపం తెలిపారు, సర్పంచి, మాజీ సర్పంచి, ఎంపీటీసీ, రెండు పార్టీల మండల అధ్యక్షులు, ఒకాయన పేరు పక్కన బ్రాకెట్లో ముద్దుపేరు కూడా వేశారు. దండ వేసినవాళ్ళ జీవిత చరిత్ర రాయాలంటే నాకా వార్త చాలు. పోయినాయన ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ సమాజాల్లో వాయించాడు, ఒక్క ముక్క లేదు.

ఆ 76 కూడా తప్పే. ఆధార్‌లో 1936 జనవరి 1 అని ఉంది, ఆ లెక్కన 80. జనవరి 1 అంటేనే అర్థమైపోతుంది అది ఊహించి వేసిన తేదీ అని. (మా బళ్ళల్లో ఇలాగే జులై 1 వేసేవాళ్ళం, చదువుకున్నవాళ్ళలో సగంమంది పుట్టినరోజు జులై 1 అవ్వడానికి కారణం మా మాస్టర్లేనండీ, ఒప్పుకుంటున్నా.) వాళ్ళింట్లో ముసలమ్మ మాత్రం ధాత నామ సంవత్సరం మాఘమాసంలో పుట్టాడు నాయనా అంది. ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా, అందులో మాఘం అంటే 1937 ఫిబ్రవరి దగ్గర, అంటే 79. నా మట్టుకు నేను ముసలమ్మ మాటే నిజమంటా, కానీ ఆవిడా మూలం కాదు. పేపర్లో అచ్చయిన 76 మూలం. చూశారా, మీరు తప్పు వేస్తే అది మూలం, ఆవిడ నిజం చెప్తే అది సొంత పరిశోధన.

నేను మీకెందుకు రాస్తున్నానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. వికీపీడియాలో ఎవరి చావుకి చోటుంది అనేది వికీపీడియాలో తేలేది కాదు. అక్కడ మేం గంటలకొద్దీ రచ్చబండ అనే చర్చా పేజీలో వాదించుకుంటాం, విషయ ప్రాముఖ్యత ఉందా లేదా అని, కానీ నిజానికి అది ఎప్పుడో తేలిపోయి ఉంటుంది, రాత్రి పదిన్నరకి మీ డెస్కులో సబ్ ఎడిటరు ఈ ఐటెం మెయిన్‌లో వెయ్యాలా, జిల్లాలో వెయ్యాలా, జోన్ పేజీలో నాలుగు లైన్లు చాలా అని చూసినప్పుడు.

మీ దగ్గర చావుకి ఎన్ని మాటలున్నాయో మీకు తెలీనిది కాదు. పెద్దవాళ్ళయితే అస్తమయం, ఆ తర్వాత మెట్టు కన్నుమూత, ఇక లేరు అనేది సినిమావాళ్ళకి, స్వామీజీలకి శివైక్యం లేకపోతే పరమపదం, మామూలువాడికి మృతి, రోడ్డు మీద పోతే దుర్మరణం. హెడ్డింగులో ఆ ఒక్క మాట చూసి మనిషి అంతస్తు చెప్పెయ్యొచ్చు. వికీపీడియాలో ఈ మెట్లన్నీ ఉండవు, అందరికీ ఒకటే మాట, మరణించాడు. శ్రీ ఉండదు, గారు ఉండదు, బహువచనం ఉండదు, ముఖ్యమంత్రయినా ఏకవచనమే. దీనిమీద మాకు ఎన్ని తిట్లు పడ్డాయో. ఈ కుర్రాడు కూడా మొదట్లో "మా తాతని మరణించాడు అని రాశారేంటి మాస్టారూ" అనే గొడవపడ్డాడు, వాడు రాసింది స్వర్గస్తులైనారు అని. నాకు మాత్రం ఆ ఏకవచనం చాలా ఇష్టం, లోపలికి వచ్చాక అందరూ ఒకటే. లోపలికి రావడమే కష్టం.

ఆగస్టు 6 తీసుకోండి. ఆ తేదీన ప్రొఫెసర్ జయశంకర్ సార్ పుట్టారు, 1934లో. సుష్మా స్వరాజ్ పోయింది ఆ రోజే, 2019లో. గద్దర్ పోయింది ఆ రోజే, 2023లో. వీటిని ఎక్కడ రాయాలో ఎవరూ ఆలోచించక్కర్లేదు, జననాల్లో ఒకటి, మరణాల్లో రెండు. అదే ఆగస్టు 6న, 1991లో, మాకు పక్కనే ఉన్న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని తరిమి తరిమి చంపారు. గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కేసు నడవడానికి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరి ఈ ఎనిమిదిమందిని ఆ పేజీలో ఎక్కడ పెట్టాలి? మా పద్ధతి ప్రకారం సంఘటనల్లో పెట్టాలి, ఎందుకంటే ఒక్కొక్కళ్ళకి విడివిడిగా పేజీ లేదు, మరణాలు అన్న భాగంలోకి రావాలంటే పేజీ ఉండాలి. అంటే ఒక్కడు పోతే మరణం, ఎనిమిదిమంది కలిసి పోతే సంఘటన, మరణాల్లో పేర్లుంటాయి, సంఘటనల్లో అంకెలుంటాయి. పేజీలో రోజూ కళ్ళముందే ఉన్నా నాకిది తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఒకరోజు రాత్రి ఆ పేజీ సరిదిద్దుతూ ఎనిమిది అని అంకె వేశాక చెయ్యి ఆగిపోయింది.

డిసెంబర్ 15 కూడా అంతే. 1950లో పటేల్, 1952లో పొట్టి శ్రీరాములు. ఇద్దరూ మరణాల్లో ఉండాల్సినవాళ్ళే. శ్రీరాములు గారు పోయాక నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నాడు, ఆ నాలుగు రోజుల్లో ఊళ్ళల్లో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పేర్లు తెలుగువాళ్ళలో ఎంతమంది చెప్పగలరు? ఇంద్రవెల్లి ఇంకా ఘోరం, 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో పోయిన గోండుల సంఖ్య సర్కారు లెక్కలో 13, బయటివాళ్ళ లెక్కలో దానికి ఎన్నో రెట్లు. పేర్ల సంగతి దేవుడెరుగు, అంకె దగ్గరే ఒప్పందం లేదు. ఇలాంటి చోట మేము రెండు అంకెలూ వేసి, ఎవరు ఏమన్నారో చెప్పి ఊరుకుంటాం, అంతకుమించి మా చేతుల్లో లేదు.

ఇదేదో తెలుగు వికీలోనే అనుకోకండి. ఇంగ్లీషు వికీపీడియాలో నెలనెలా మరణాల జాబితా ఉంటుంది, రోజూ పదుల్లో పేర్లు చేరతాయి, పేరు, వయసు, ఏ దేశం, ఎందుకు తెలిసినవాడు, దేంతో పోయాడు, మూలం, ఇంతే ఒక్క లైను. అక్కడ ఒక రూలు ఉంది, పేజీ లేనివాడి పేరు ఎర్ర లింకుగా నెల రోజులు ఉంచుతారు, నెల తిరిగేలోపు ఎవరూ పేజీ రాయకపోతే తీసేస్తారు. ఇక్కడ మనవాళ్ళు మాసికం పెట్టే రోజుకి అక్కడ పేరు ఎగిరిపోతుందన్నమాట. మొదటి పేజీలో ఈమధ్య పోయినవాళ్ళు అని ఒక వరస ఉంటుంది, దానికి ఎంత పెద్దవాడు అనే చూపు 2016లో తీసేశారు, పేజీ ఉండి అది సరిగ్గా రాసి ఉంటే చాలు, ఎవరైనా సరే. ఎవరైనా అంటే మనిషే కానక్కర్లేదు, జంతువైనా చెట్టయినా పర్లేదు. పెంచ్ అడవిలో కాలర్‌వాలి అని ఒక ఆడపులి ఉండేది, ఇరవై తొమ్మిది పిల్లల్ని కన్నది, 2022 జనవరి 15న పోయింది, దానికి పేజీ ఉంది. ఈ మాట చెప్తే కుర్రాడు నవ్వలేదు. "పులికి ఉందిగానీ మా తాతకి లేదా మాస్టారూ" అన్నాడు. ఏం చెప్పను, పులి పోయినప్పుడు దేశంలో పేపర్లన్నీ రాశాయి, ఎక్కడ తిరిగింది, ఏ ఏడు ఎన్ని పిల్లలు, అన్నీ రాశాయి. పులికి ఎవరు దండ వేశారో రాయలేదు.

ఇంకో సంగతి, వికీపీడియా సంస్మరణ వేదిక కాదు అని మాకో నియమం. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో పోయినవాళ్ళకి అప్పట్లో వికీపీడియాలో ఒక్కొక్కరికీ పేజీలు పెట్టారు, తర్వాత వాటిని విడిగా ఒక సంస్మరణ సైటుకి మార్చారు, కొన్నేళ్ళకి అదీ మూతపడింది. అంత పెద్ద అమెరికావాళ్ళకే అలా అయితే మనమెంత. ఆ నియమం కొంచెం కర్కశంగానే ఉంటుంది, కానీ ప్రతి ఇంట్లో ఒక ఫొటోకి దండ ఉంటుంది కదా, అన్ని ఫొటోలకీ ఒక గోడ సరిపోదు.

అలాగని గోడ మీదకి ఎక్కాల్సినవాళ్ళందరూ ఎక్కారా అంటే అదీ లేదు. డోనా స్ట్రిక్‌లాండ్ అని కెనడా సైంటిస్టు, ఆవిడ మీద పేజీ రాస్తే సరైన మూలాలు లేవని 2018 మేలో తిప్పి పంపారు, అదే ఏడు అక్టోబర్లో ఆవిడకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, అప్పుడు పరుగెత్తుకుంటూ రాశారు. ఇక్కడ మనకి నోబెల్ అక్కర్లేదు, సినిమా చాలు. బలగం మొగిలయ్య సంగతి చూడండి. వరంగల్ జిల్లాలో ఊరూరా తిరిగి భార్య కొమురమ్మతో కలిసి ఎన్ని ఏళ్ళు కథలు పాడాడో, అన్నేళ్ళూ ఆయన మీద అచ్చయింది చాలా తక్కువ. 2023లో ఒక సినిమా చివర్లో పాడాడు, ఊళ్ళో తెర కట్టి చూసినవాళ్ళందరూ ఏడ్చారు, సినిమా పేరే ఇంటిపేరయింది. 2024 డిసెంబర్ 19న పోతే అన్ని పేపర్లూ రాశాయి. ఆ సినిమా డైరెక్టరు కంటికి ఈయన పడకపోయి ఉంటే? నాలుగు లైన్లు, జోన్ పేజీ. పైగా మనకి ఇంకో మొగిలయ్య ఉన్నాడు, నాగర్‌కర్నూలు వైపు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య, 2022లో పద్మశ్రీ. ఇలాంటప్పుడు మేము అయోమయ నివృత్తి అని ఒక పేజీ పెడతాం, ఈ పేరుతో ఇద్దరున్నారు చూసుకోండి అని. మీ రిపోర్టర్లకి కూడా అలాంటిదొకటి ఉంటే బాగుండు, ఒకాయన పోతే ఇంకో ఆయన ఫొటో వేస్తే ఇంక బతికున్నాయన సంగతి ఆలోచించండి.

బతికున్నవాళ్ళని చంపడం గురించి కూడా చెప్పాలి, మేమూ ఈ పాపంలో ఉన్నవాళ్ళమే. 2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారం రోజు విందులో సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ పడిపోతే, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుండగానే ఇంగ్లీషు వికీపీడియాలో పోయాడని రాసేశారు, ఆ రోజే రాబర్ట్ బర్డ్ అనే ఇంకో ముసలాయన్ని కూడా కలిపి చంపేశారు, ఇద్దరూ బతికే ఉన్నారు. మనకి కోట శ్రీనివాసరావు గారు, 2023 మార్చిలో పోయారని ఫోన్లన్నీ మోగిపోతే పాపం ఆయనే వీడియోలోకి వచ్చి నేనున్నానయ్యా అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా పోయింది 2025 జులై 13న. ఇలాంటి రోజుల్లో మేము చేసే పని ఏంటంటే ఏమీ చెయ్యకపోవడం. కనీసం రెండు మంచి పేపర్లు ఒకటే చెప్పేదాకా చేతులు కట్టుకు కూర్చుంటాం, కొత్త కుర్రాళ్ళు ఎవరైనా మరణ తేదీ వేస్తే వెనక్కి తిప్పేస్తాం. ఇంగ్లీషులో అయితే ఈజ్ తీసి వాజ్ పెట్టడానికి పెద్ద పరుగుపందెం. మన తెలుగులో ఆ గొడవే లేదు చూడండి, ఫలానా ఆయన తెలుగు సినిమా నటుడు అని రాస్తే బతికున్నప్పుడూ అదే వాక్యం, పోయాకా అదే వాక్యం. పేరు పక్కన బ్రాకెట్లో పుట్టిన తేదీ తర్వాత ఒక గీత గీసి ఇంకో తేదీ వెయ్యడమే. ఆ చిన్న గీత గీసేటప్పుడు, తెలిసినవాళ్ళయితే, చెయ్యి వణుకుతుంది. బాలు పోయిన రోజు నేను గీయలేదు, ఇంకెవరో గీశారు.

చావు ఉండాలి, పేరు మాత్రం ఉండకూడదు అనే రకం కూడా ఒకటుంది. అత్యాచారం చేసి చంపిన అమ్మాయిల పేర్లు పోయాక కూడా బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, కలకత్తా ఆర్జీకర్ ఆసుపత్రి డాక్టరమ్మ విషయంలో 2024 సెప్టెంబర్లో వికీపీడియా పేరెత్తి మరీ ఆ అమ్మాయి పేరూ ఫొటో తీసెయ్యమంది. దీంట్లో నాకు రెండో మాట లేదు. పేరు తెలిస్తేనే గౌరవం అనుకునే నాకు ఇది కొంచెం చేదుగానే ఉంటుంది గానీ, ఆ ఇంటివాళ్ళ సంగతి ముందు.

ఇంక ఆడవాళ్ళ దగ్గరికొద్దాం, ఇక్కడ మీతో నాకు గట్టి గొడవ. మాజీ మంత్రికి మాతృవియోగం, డీఎస్పీకి మాతృవియోగం, ఈ హెడ్డింగు మీరు ఎన్ని వేలసార్లు వేసి ఉంటారు? పోయింది ఆవిడ, వార్త ఆయనది. ఆవిడ పేరు ఏ మూడో లైనులోనో వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. మా వైపు ఒక పెద్దావిడ ఉండేది, మా చిన్నప్పుడు మాలపల్లెలో రాత్రిబడి నడిపింది, లాంతరు తనే తెచ్చుకునేది, ఊళ్ళో పెద్దలు ఏమన్నా వినేది కాదు, ఆ బళ్ళో అక్షరాలు దిద్దినవాళ్ళు తర్వాత టీచర్లయ్యారు, నా కొలీగ్ ఒకాయన ఆ బళ్ళోంచి వచ్చినవాడే. ఆవిడ పోతే పేపర్లో వచ్చింది కొడుక్కి మాతృవియోగం అని, ఆ కొడుకు ఒక పార్టీలో జిల్లా స్థాయి నాయకుడు. రాత్రిబడి మాటే లేదు. ఆవిడ మీద పేజీ రాద్దామని నేనే కూర్చున్నా, మూలం అని వెతికితే దొరికిందల్లా కొడుకు ఫొటో.

సరే, పేపర్లో వచ్చిందే అనుకోండి, అది ఉంటుందా? హార్మోనిస్టు వార్తకి కుర్రాడు అప్పట్లోనే ఈ-పేపర్ లింకు కూడా పెట్టాడు. నేను చూసేసరికి నొక్కితే ఏమీ రాలేదు, ఖాళీ తెల్ల పేజీ. ఆ పేపరు పేరు ఎందుకులెండి, వెబ్‌సైటు మార్చారంట, పాత జిల్లా పేజీలు కొత్తదాంట్లోకి ఎక్కించలేదంట. నేను ఆ వ్యాసం మీద మూలాలు లేవు అని మూస (హెచ్చరిక పట్టీ) పెట్టా, నెలల తరబడి చూశా, ఎవరూ ఏమీ చేర్చలేదు, చివరికి తొలగింపుకి పెట్టా. స్నేహితుడని వదిలేస్తే రేపు ఇంకోడి పేజీ మీద చెయ్యి వేసే హక్కు నాకుండదు. ఇదిగో ఇప్పుడొక విచిత్రం చెప్తా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక 1908లో మొదలైంది, 1991లో ఆగిపోయింది, ఆ పాత సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టారు. అందువల్ల 1930ల్లో పోయిన ఒక స్టేజి నటుడి వార్త నాకు ఇంట్లో కూర్చుంటే దొరికే వీలుంది, 2016లో పోయినాయన వార్త దొరకడం లేదు. ఎనభై ఏళ్ళ కిందటి కాయితం ఉంది, పదేళ్ళ కిందటి కంప్యూటరు లేదు.

కాబట్టి నేనడిగేది పెద్ద కోరికలేం కాదు. మృతి వార్త నాలుగు లైన్లే వెయ్యండి, కానీ ఆ నాలుగు లైన్లూ పోయినవాళ్ళకే ఇవ్వండి. పుట్టిన ఊరు, మండలం, పుట్టిన సంవత్సరం (ఆధార్ చూసి కాదు, ఇంట్లో పెద్దావిణ్ణి అడిగి), చేసిన పని, ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. దండ వేసినవాళ్ళని మానలేకపోతే ఒక్క మాట, పలువురు ప్రముఖులు, అయిపోయింది, ఆ మాట కనిపెట్టింది మీరే కదా. ఆడమనిషి పోతే హెడ్డింగులో ఆవిడ పేరు వెయ్యండి. జిల్లా పేజీలు ఎక్కడైనా ఒకచోట పడెయ్యండి, అందంగా ఉండక్కర్లేదు, లింకు మారకుండా ఉంటే చాలు. మీ విలేకరులకి లైను లెక్కన డబ్బులిస్తారని, అందుకే పేర్లు ఎక్కువ రాస్తారని ఎవరో అన్నారు, ఆ లెక్కలు నాకు తెలీవు, అలాగే అయితే ఊరు పేరుకి కూడా లైను లెక్క కట్టండి.

కుర్రాడు ఆ రోజు వెళ్ళేటప్పుడు సంచీ నా దగ్గరే వదిలేసి వెళ్ళాడు. తర్వాత ఒక్కొక్కటే తీసి చూస్తుంటే కరపత్రాల మధ్యలో ఒక నాటక పరిషత్తు సావనీరు దొరికింది, 1978ది, అట్ట లేదు. అందులో సగం పేజీ ఆయన మీద ఉంది, రాసినాయన మాకు చుట్టమూ కాదు స్నేహితుడూ కాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఉంది, ఏ ఊరో ఉంది. పుట్టిన ఏడు 1937 అని ఉంది, ముసలమ్మ మాటే నిజం. ఇలాంటిది ఇంకొక్కటి దొరికితే పేజీ మళ్ళీ పెట్టమని నేనే అడుగుతా. ఆ వార్త మీ జిల్లా ఎడిషన్లో కూడా వచ్చిందని వాళ్ళింట్లో అంటున్నారు, కటింగు మాత్రం వాళ్ళ దగ్గర లేదు. 2016 నవంబర్ రెండో వారం, గుంటూరు జిల్లా, తెనాలి జోన్. మీ ఆఫీసులో పాత కట్టలు ఇంకా ఉంటే ఎవరినైనా ఒకసారి చూడమనండి, లేదా నన్నే వచ్చి చూసుకోమన్నా వస్తా, దుమ్ము నాకు అలవాటే. ఫొటోస్టాట్ ఖర్చు నేనిచ్చుకుంటా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
తెనాలి